అప్‌డేట్: బ్యాంకు మీద వేసిన కేసు మీడియేషన్‌లో తేలిపోయింది

పోయినసారి అడిగాను కదండీ, నాన్న కట్టిన ఇంటి లోన్ 2024లో మొత్తం తీర్చేసినా బ్యాంకు వాళ్లు ఒరిజినల్ సేల్ డీడ్ ఇవ్వట్లేదు, దావా వేస్తే జడ్జిగారు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 89 కింద మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని రాజీ మాట్లాడుకోవడానికి పంపారు, వెళ్లాలా వద్దా అని. వెళ్లాం, మూడు సిట్టింగుల్లో అయిపోయింది. మొదటిరోజు బ్రాంచి నుంచి వచ్చినాయనకి సంతకం పెట్టే అధికారమే లేదు, పూటంతా వృథా. రెండోసారి మీడియేటర్ గారు మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడారు, అప్పుడు బయటపడింది డీడ్ పోయిందని! నేను ఆర్‌బీఐ 2023 సెప్టెంబరు సర్క్యులర్ ప్రింట్ తీసుకెళ్లా, లోన్ తీరాక 30 రోజుల్లో పత్రాలివ్వాలి, బ్యాంకు తప్పు వల్ల లేటైతే రోజుకి 5,000 రూపాయలు, పత్రాలు పోతే ఇంకో 30 రోజులు టైముంటుంది కానీ నకళ్ల ఖర్చు వాళ్లదే. అమ్మ మాత్రం డబ్బు సంగతి తర్వాత, ముందు మేమే పోగొట్టామని రాసివ్వండి అని పట్టుబట్టింది, ఆ కాగితం చేతికొచ్చాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. సర్టిఫైడ్ కాపీ, పేపర్ ప్రకటన ఖర్చులు బ్యాంకువే, పరిహారం మేం కొంత తగ్గించుకున్నాం, ఒప్పందం మీద కోర్టు డిక్రీ కూడా ఇచ్చింది. మీరెవరైనా వెళ్తే బ్యాంకు మనిషి దగ్గర ఆథరైజేషన్ లెటర్ ఉందో లేదో ముందే అడగండి. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్సండి.