తూర్పు ఆఫ్రికాకు ఒకే టూరిస్ట్ వీసా: టాంజానియా దూరంగా ఉండడం సబబేనా?

సవన్నాబాట:
2014లో కెన్యా, ఉగాండా, రువాండా కలిసి ఒక ఉమ్మడి టూరిస్ట్ వీసా తెచ్చాయి. 100 డాలర్లు కడితే 90 రోజుల పాటు మూడు దేశాల మధ్య ఎన్నిసార్లైనా తిరగొచ్చు. టాంజానియా ఇందులో చేరలేదు. సెరెంగేటి పార్కు, కిలిమంజారో పర్వతం, జాంజిబార్ దీవులు మూడూ ఉన్నది అక్కడే కాబట్టి ఆ ప్రాంతం చూడాలనుకునేవాళ్లకు ఇది పెద్ద లోటు.

కెన్యాలోని మారా రిజర్వు, టాంజానియాలోని సెరెంగేటి కలిపితే ఒకే మైదానం. ఏటా పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు (గుంపులుగా తిరిగే ఒక పెద్ద జింక జాతి) మేత వెతుక్కుంటూ అటూ ఇటూ దాటుతుంటాయి. మనిషి మాత్రం ఈ పార్కు నుంచి ఆ పార్కుకు నేరుగా పోలేడు. మధ్యలో ఉన్న బొలొగోంజా దారి టూరిస్టులకు 1977 నుంచి మూసే ఉంది. పడమర ఇసెబానియా మీదుగానో, తూర్పున నమాంగా మీదుగానో చుట్టి రావాలి. రోజంతా బండిలోనే గడిచిపోతుంది. టాంజానియా ఉమ్మడి వీసాలో చేరి, ఆ దారి కూడా తెరవాలని నా వాదన. మీరేమంటారు?

కిలిమంజారోనీడ:
నేను ఒప్పుకోను. 1977కి ముందు ఏం జరిగేదో చూడండి. విమానం దిగేది నైరోబీలో, హోటల్ నైరోబీలో, బండి నైరోబీది. సెరెంగేటి చూసేసి మళ్లీ నైరోబీకే తిరిగి వెళ్లేవాళ్లు. జంతువులను కాపాడే ఖర్చు టాంజానియాది, ఆదాయంలో పెద్ద వాటా కెన్యాది. 1971లో కిలిమంజారో ఎయిర్‌పోర్టు కట్టుకున్నది కూడా టూరిస్టులు నేరుగా తమ దగ్గరే దిగాలనే కదా. 1977లో కెన్యా, ఉగాండా, టాంజానియాల తూర్పు ఆఫ్రికా కూటమి విడిపోయాక టాంజానియా సరిహద్దు మూసేసింది, 1983 దాకా తెరవలేదు. అప్పుడు కూడా బొలొగోంజా దారి టూరిస్టులకు తెరుచుకోలేదు. అంత దెబ్బ తిన్న దేశాన్ని "మీరూ వచ్చి చేరండి" అని అడగడం తేలికే. చేరితే వాళ్లకు మిగిలేదేమిటో కూడా చెప్పాలి.

లెక్కలమనిషి:
ఉమ్మడి వీసా అందరికీ చవక అనుకోకండి. కెన్యా 2024 జనవరిలో వీసా తీసేసి దాదాపు 30 డాలర్ల ఈటీఏ (ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) పెట్టింది. ఉగాండా వీసా 50. కామన్వెల్త్ దేశాలవాళ్లకు రువాండా 30 రోజుల వరకు ఫీజే తీసుకోదు. అంటే వాళ్లు విడివిడిగా కట్టుకుంటే 80లో అయిపోతుంది. మూడు దేశాలూ కూర్చుని ఈ ధర మళ్లీ చూసుకోవాలి. టాంజానియా సంగతి ఆ తర్వాత.

నైలుమూలం:
వీసా దగ్గరే ఆగిపోతే ఈ చర్చ ముందుకు పోదు. టూరిస్టు ఎవరి బండి ఎక్కుతాడు, రాత్రి ఏ దేశపు లాడ్జిలో ఉంటాడు అన్నదే అసలు తగువు. 1985లో కెన్యా, టాంజానియా ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం ఒక దేశపు టూరిస్టు బండ్లు రెండో దేశంలో ముందే నిర్ణయించిన ఊళ్ల వరకే వెళ్లాలి, పార్కుల్లోకి పోకూడదు. దీని మీదే 2014 చివర్లో రచ్చ మొదలైంది. టాంజానియా బండ్లు నైరోబీ ఎయిర్‌పోర్టు నుంచి టూరిస్టులను ఎక్కించుకోకూడదని కెన్యా ఆపేసింది. 2015 మార్చిలో టాంజానియా కెన్యా ఎయిర్‌వేస్ విమానాలను వారానికి 42 నుంచి 14కి కోసేసింది. చివరికి అప్పటి కెన్యా అధ్యక్షుడు కెన్యాట్టా, టాంజానియా అధ్యక్షుడు కిక్వెటే మాట్లాడుకుంటే గానీ సద్దుమణగలేదు. ఆ రోజుల్లో బుకింగ్ చేసుకున్నవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోండి. అప్పటికే టాంజానియా ఉమ్మడి వీసాలో ఉన్నా ఈ గొడవ ఆగేది కాదు.

ఇదే ప్రాంతంలో మెరుగైన దారి ఒకటుంది. విరుంగా అగ్నిపర్వతాల మీద కొండ గొరిల్లాలు ఉగాండా, రువాండా, కాంగో మూడింటిలోనూ తిరుగుతాయి. ఉగాండా వైపు మనుషులకు అలవాటు పడిన న్యకగేజి గుంపు సరిహద్దు దాటి రువాండాకు వెళ్లిపోయి, 2012లో తిరిగి వచ్చింది. అక్కడ గొరిల్లాలను చూడడానికి ఒక్క పర్మిట్ ధర ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1500. అంత డబ్బు కొండ దాటి పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అయినా సరిహద్దు దాటే గుంపుల మీద వచ్చే ఆదాయాన్ని పంచుకోవడానికి ఆ దేశాలు మాట్లాడుకున్నాయి. గొరిల్లాల అడవిని కలిసి కాపాడాలని 2015లో మూడూ ఒడంబడిక మీద సంతకం కూడా పెట్టాయి. 2019 నుంచి 2022 జనవరి దాకా గతునా సరిహద్దు మూతపడేంతగా ఉగాండా, రువాండాలకు చెడిందన్న సంగతి నేను మరిచిపోలేదు. కానీ ముందు ఆదాయం పంచుకునే మాట, ఆ తర్వాతే దారులు తెరిచే మాట. మారా, సెరెంగేటిల దగ్గర ఈ వరస తలకిందులైంది.

గడ్డిమైదానం:
జంతువుల గురించి కూడా ఒక మాట. విల్డెబీస్ట్‌లు మారా నది దాటే చోట ఇప్పటికే బండ్లు గుంపుగా మూగి వాటి దారికి అడ్డం పడుతున్నాయి. బొలొగోంజా తెరిస్తే ఆ బండ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. దయచేసి ఆ ఒక్క దారి జోలికి పోవద్దు.

సవన్నాబాట:
గడ్డిమైదానం గారూ, రోజుకు ఇన్ని బండ్లే అని పరిమితి పెట్టొచ్చు కదా. దాటేవాళ్లు రెండు వైపులా కనీసం ఒక్కో రాత్రి ఉండాలనీ, సరిహద్దు దగ్గర అవతలి దేశపు బండిలోకి మారాలనీ షరతు పెడదాం. అప్పుడు కిలిమంజారోనీడ గారు చెప్పిన అన్యాయం కూడా తగ్గుతుంది.

కిలిమంజారోనీడ:
ఆ షరతులు రాతలో ఉంటే నాకు అభ్యంతరం లేదు. అయితే ఎవరితో ఎవరు రాసుకుంటారు? సెరెంగేటిని నడిపేది టాంజానియా జాతీయ పార్కుల సంస్థ. మారా రిజర్వు నారోక్ కౌంటీది (కెన్యాలోని ఒక జిల్లా ప్రభుత్వం). జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయుల దగ్గర రోజుకు 200 డాలర్లు తీసుకునేది ఆ కౌంటీయే. నైరోబీ ప్రభుత్వం సంతకం పెట్టినా, రాత్రి బస షరతునూ బండ్ల పరిమితినీ గేటు దగ్గర అమలు చేయాల్సింది వాళ్లు. కాబట్టి చర్చలు జరిగితే నారోక్ కౌంటీని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టాలి.