నిమ్మ తొక్కతో లిక్కర్ చేశా, ఆల్కహాల్ శాతం ఎట్టా లెక్కేయాలి?

గూడూరు_తోట
అందరికీ నమస్తే. మాది గూడూరు పక్కన పల్లె, నిమ్మతోట ఉంది. చలికాలం రేటు పడిపోతే యార్డుకి తోలినా కోత కూలీ కూడా రాదు, ఊరగాయ పెట్టింది పెట్టగా ఇంకా మిగిలితే ఇటలీ వాళ్ళ లిమోంచెల్లో అనే తియ్యటి నిమ్మ లిక్కర్ చేసి చూద్దామని మొదలుపెట్టా. పదిహేను కాయల తొక్క పైపైన తీసి 750 ఎంఎల్ వోడ్కాలో (సీసా మీద 42.8 శాతం అని ఉంది) గాజు జాడీలో 12 రోజులు నానబెట్టి వడగట్టా, తర్వాత 300 గ్రాముల చక్కెర 300 ఎంఎల్ నీళ్ళలో కరిగించి చల్లారాక కలిపా. పాకం పొయ్యగానే మజ్జిగ తేట లాగా మబ్బుగా అయింది, చెడిపోయిందా? ఇంకోటి, ఆల్కహాల్ మీటర్ కొని ముంచితే అది మునగనే లేదు, సున్నా గీత కూడా పైనే ఉండిపోయింది. మా బావకి ఇవ్వాలి, ఎంత ఘాటో తెలియకుండా ఆయన చేతిలో పెట్టడం నాకిష్టం లేదు. 750కి 300 కలిస్తే 1050, అంటే 30 శాతం పైనే అనుకుంటున్నా, కరెక్టేనా?

నెల్లూరు_కెమిస్ట్రీ
మీటర్‌లో తప్పేం లేదు తమ్ముడూ. అది ద్రవం ఎంత పల్చనో చూసి శాతం చెప్తుంది, ఆల్కహాల్ పల్చన చేస్తుంటే చక్కెర చిక్కన చేస్తుంది, అందుకే ఉత్త నీళ్ళూ సారాయీ కలిసినప్పుడే అది పనికొస్తుంది, పాకం పడ్డాక పనికిరాదు. లెక్కే దిక్కు. 750లో 42.8 శాతం అంటే 321 ఎంఎల్ అసలు ఆల్కహాల్. నువ్వు మర్చిపోయింది చక్కెర, కరిగినా అది చోటు తీసుకుంటుంది, గ్రాముకి సుమారు 0.62 ఎంఎల్, అంటే 300 గ్రాములకి 186. మొత్తం 1236, శాతం 26. తొక్క కూడా కొంత వోడ్కా పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఇంకాస్త తక్కువే. వడగట్టాక వోడ్కా ఎంత మిగిలిందో కొలిచి ఉంటే ఆ అంకె వాడు, చివర్లో మొత్తం ఎంతయిందో కూడా కొలువు, ఊహ లెక్క కంటే అదే గట్టిది.
మబ్బు గురించి భయపడొద్దు, తొక్కలో నూనె ఘాటు ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది, నీళ్ళు పడి ఘాటు తగ్గేసరికి సన్న చుక్కలుగా బయటికొస్తుంది. నూనె బాగా దిగిందని అర్థం.

ఒంగోలు_బత్తాయి
మన కాగితం నిమ్మ తొక్క మరీ పల్చన, ఒక్క గీత లోతుగా పోయినా తెల్ల పొర వచ్చేసి చేదెక్కుద్ది, ఇటలీ కాయకి తొక్క మందం కాబట్టి వాళ్ళకి ఆ బాధ లేదు. నేను దబ్బకాయతో చేశా, చాలా బాగొచ్చింది, నారింజ తొక్క ఇంకా బాగుంటది. మందు కొట్టిన తోట అయితే మాత్రం కాయల్ని వేడి నీళ్ళలో బాగా రుద్ది కడుగు, మనం నానబెట్టేదే తొక్క కదా. నెల రోజులు కదపకుండా ఉంచితే ఘాటు తగ్గి రుచి కలుస్తుంది.

కావలి_22
వోడ్కాకి అంత ఖర్చెందుకు బ్రో, షాపుల్లో స్పిరిట్ దొరుకుద్ది, దాంట్లో ఇంకా స్ట్రాంగ్ వస్తది

నెల్లూరు_కెమిస్ట్రీ
ఆ మాట ఎవ్వరూ పట్టించుకోవద్దు, చేతులెత్తి చెప్తున్నా. అట్టాంటి స్పిరిట్‌లో మిథనాల్ ఉండొచ్చు, కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది, తొక్కేసినా చక్కెరేసినా అది పోదు. 2020లో మన ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి ఎంతమంది పోయారో మర్చిపోయామా. తాగడానికని సీలేసి అమ్మే సీసా తప్ప ఇంకేదీ వాడొద్దు.

గూడూరు_తోట
చాలా థాంక్స్ అన్నా. వడగట్టినప్పుడు 710 వచ్చిందని కాయితమ్మీద రాసి పెట్టుకున్నా, అంటే 304 ఆల్కహాల్. ఇప్పుడు మొత్తం కొలిస్తే 1190, అంటే 25.5 శాతం. ఇది 60 ఎంఎల్ తాగితే మామూలు వోడ్కా 30 కంటే కాస్త ఎక్కువే పడినట్టు, తియ్యగా ఉంది కదా అని బావ గ్లాసులకి గ్లాసులు పొయ్యకుండా శాతం, తేదీ సీసా మీద అంటించి ఇస్తా. ఒంగోలు అన్నా, నారింజకాయ మీ వైపు ఏ నెలలో దొరుకుద్ది?