జాంగోలో ఇన్వాయిస్, ఫొటోలు కలిపి మెయిల్ పంపితే 552 ఎర్రర్: దారేంటి?

జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) బాగా తెలిసినవాళ్లు కాస్త చూసి చెప్పండి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్ అప్లికేషన్ ఇది. ఆర్డర్ ఖాయం కాగానే ఇన్వాయిస్ పీడీఎఫ్, గెలాక్సీ (మెరుపు చుక్కల నల్ల గ్రానైట్) పలకల ఫొటోలు కొనేవాళ్లకు మెయిల్లో వెళ్లాలి.

పీడీఎఫ్‌తో పేచీ లేదు. బైట్స్ఐఓలో (డిస్క్ మీద కాకుండా మెమరీలోనే) తయారుచేసి, ఈమెయిల్‌మెసేజ్ అటాచ్‌కి ఫైలు పేరు, గెట్‌వేల్యూతో తీసిన డేటా, మైమ్ టైప్ (ఫైలు రకం) ఇస్తున్నా. చిక్కంతా ఫొటోలతోనే. అన్నీ కలిపి 20 ఎంబీనే, కానీ మెయిల్లో వెళ్లేందుకు బేస్64లోకి (ఫైలును అక్షరాలుగా రాసే పద్ధతి) మారాక మూడోవంతు పెరిగి 27 దాకా పోతోంది. జీమెయిల్ హద్దు 25, అందుకే 552 ఎర్రర్ (మెయిల్ సైజు మించింది) వస్తోంది. పలక మీద మెరుపు చుక్కలు, సన్న గీతలు చూసే బేరం తేలుతుంది, అందుకని ఫొటోలు మరీ కుదించలేను.

పంపే పని సెలరీకి (వెనకాల పనులు నడిపే టూల్) అప్పగించా. పీడీఎఫ్‌ని క్యూలో వేస్తే బ్రోకర్ (ఆ క్యూని నడిపే సర్వర్) మీద బరువు కాబట్టి ఆర్డర్ ఐడీ మాత్రమే ఇస్తున్నా, అదీ ఆన్‌కమిట్‌లో, అంటే ఆర్డర్ డేటాబేస్‌లో సేవ్ అయ్యాకే.

ఫొటోలను రెండు మూడు మెయిళ్లుగా విడగొట్టడం మేలా, కొన్నాళ్లకు ఎక్స్‌పైర్ అయ్యే లింకు ఇవ్వడం మేలా? ఇంకోటి, సర్వర్ మెయిల్ తీసుకున్న క్షణంలోనే కనెక్షన్ తెగితే, రీట్రైలో అదే ఇన్వాయిస్ మళ్లీ పోకుండా మీరెలా ఆపుతున్నారు?