హెడ్‌సెట్ పెట్టుకున్న సిబ్బందికి తల తిరుగుతోంది: రోగి అనుభవ శిక్షణ ముందుకు సాగడం లేదు

శిక్షణ బాధ్యుడు:
రోగి స్థానంలో ఉంటే ఆస్పత్రి ఎలా కనిపిస్తుందో సిబ్బందికి తెలియజేయాలన్న ఉద్దేశంతో మేము వర్చువల్ రియాలిటీలో ఒక శిక్షణను సిద్ధం చేశాము. అత్యవసర విభాగం తలుపు నుంచి శస్త్రచికిత్స గది వరకు రోగి ఏమి చూస్తాడో, తన తల మీదుగా ఎవరెవరు ఏమి మాట్లాడుకుంటుంటే వింటాడో అందులో ఉంటుంది. అయితే నర్సులు, వార్డు సహాయకులు చూడటం మొదలుపెట్టిన కొద్దిసేపటికే తల తిరుగుతోందని, వికారంగా ఉందని హెడ్‌సెట్ తీసివేస్తున్నారు. మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. వెలుతురు తగ్గించాను, లెన్సుల మధ్య దూరం మార్చాను, పరికరాలన్నీ రీసెట్ చేశాను, అయినా ఫలితం లేదు. రేపు ఉదయం తర్వాతి జట్టు వస్తుంది. ఏ సెట్టింగు మార్చాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ముక్కుసూటి:
ఏ హెడ్‌సెట్? వీడియోనా, కంప్యూటర్‌లో నిర్మించిన దృశ్యమా? చూసేవారు కూర్చున్నారా, నిలబడ్డారా? ఇవి చెప్పకుండా సెట్టింగు అడిగితే ఎవరూ చెప్పలేరు.

నర్సింగ్ అధ్యాపకురాలు:
సెట్టింగుకన్నా ముందు ఆలోచించవలసినది మరొకటి ఉంది. 2015లో చిత్ర దర్శకుడు క్రిస్ మిల్క్ టెడ్ ప్రసంగ వేదికపై వర్చువల్ రియాలిటీని సహానుభూతి యంత్రంగా వర్ణించినప్పటి నుంచి, హెడ్‌సెట్ తగిలిస్తే చాలు మనసు కరుగుతుందన్న నమ్మకం శిక్షణ విభాగాలలో పాతుకుపోయింది. 2021లో వెలువడిన ఒక మెటా విశ్లేషణ (అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసే పరిశీలన) ప్రకారం, వర్చువల్ రియాలిటీ వల్ల ఎదుటివారి బాధకు చలించడం పెరుగుతుంది గాని, వారి దృష్టితో పరిస్థితిని అర్థం చేసుకునే శక్తి పెరిగినట్లు తేలలేదు. రోగి ఎందుకు మాటిమాటికీ గంట నొక్కుతున్నాడో గ్రహించడానికి కావలసింది ఈ రెండవదే. అంధత్వాన్ని అనుకరింపజేసిన ప్రయోగాలలో ఇంకా ఇబ్బందికరమైన సంగతి బయటపడింది: కళ్లకు గంతలు కట్టుకుని తడబడినవారు, ఆ మొదటి కొద్ది నిమిషాల అయోమయమే అంధుల జీవితమంతా అనుకుని, వారి సామర్థ్యాన్ని మునుపటికన్నా తక్కువగా అంచనా వేశారు. కాబట్టి దృశ్యం ముగిసిన తరువాత అంతకు రెట్టింపు సమయం కూర్చోబెట్టి మాట్లాడించకపోతే, మీ శిక్షణ జాలి దగ్గరే ఆగిపోతుంది.

శిక్షణ బాధ్యుడు:
అమ్మా, మీరు చెప్పినది విలువైనదే గాని, హెడ్‌సెట్ తీసేసినవారితో నేను ఏ చర్చ జరపగలను? మావి మెటా క్వెస్ట్ 2 హెడ్‌సెట్లు. 360 డిగ్రీల వీడియో. చూసేవారు కుర్చీలలో కూర్చుంటారు. రోగి వెల్లకిలా పడుకుని ఉంటాడు కనుక కెమెరాను కూడా అలాగే పడుకోబెట్టి, స్ట్రెచర్ తలవైపు బిగించి, వరండాల గుండా తోసుకుంటూ చిత్రీకరించాము. హెడ్‌సెట్ పెట్టుకోగానే ఎదురుగా పైకప్పు దీపాలు కదిలిపోతూ కనిపిస్తాయి. చాలా సహజంగా వచ్చింది.

దృశ్య సంకలనకర్త:
ముందుగా ఒక మాట. 360 డిగ్రీల వీడియోను వర్చువల్ రియాలిటీ అనడం సరికాదు. తల తిప్పితే దృశ్యం తిరుగుతుంది గాని, తల ముందుకు వంచినా పక్కకు జరిపినా దృశ్యంలో మార్పు ఉండదు.

ముక్కుసూటి:
పేరు ఏదైతేనేమి? ఆయనకు రేపు ఉదయం తరగతి ఉంది.

దృశ్య సంకలనకర్త:
పేరు కోసం కాదు, కారణం అందులోనే ఉందని చెబుతున్నాను. కుర్చీలోని మనిషి కాస్త ముందుకు వంగినా దృశ్యం అతనితో రాదు. దానికి తోడు, శరీరం నిటారుగా ఉందని లోపలి చెవి చెబుతుంటే, వెల్లకిలా ఉన్నావని కన్ను చెబుతోంది. ఆపైన స్ట్రెచర్ కదులుతోంది, కుర్చీ కదలడం లేదు. కదిలే బస్సులో పుస్తకం చదివేవారికి కలిగే వికారమే ఇది, తలకిందులుగా: అక్కడ శరీరం కదులుతుంది, కన్ను కదలిక చూడదు. లెన్సుల మధ్య దూరానికి క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు స్థానాలే ఉన్నాయి. అవి చూపు మసకను సరిచేస్తాయి గాని దీనిని సరిచేయవు.

ఎడిటింగులో గోళాకార దృశ్యం మొత్తాన్ని 90 డిగ్రీలు తిప్పి, పైకప్పును నిజంగా పైకి తీసుకురండి. చూసేవారిని మంచం మీద పడుకోబెట్టండి. అప్పుడు శరీరం, దృశ్యం ఒకే మాట చెబుతాయి. తోసుకువెళ్లే భాగాలను, మలుపులను మొదట తీసివేసి, స్ట్రెచర్ ఆగి ఉన్న ఘట్టాలనే ఉంచి, ఒకదాని నుంచి మరొకదానికి నల్లతెర మీదుగా వెళ్లండి; చక్రాల శబ్దం మాత్రం తెర వెనుక కొనసాగనివ్వండి. నిజానికి రోగిని భయపెట్టేది ఆ శబ్దమూ, తన మీదుగా సాగే మాటలూనే.

ముక్కుసూటి:
పడుకుంటే వెనుక పట్టీ తలగడకు ఒత్తుకుని హెడ్‌సెట్ జారుతుంది. మెడ కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. వికారం వచ్చినవారిని మళ్లీ బలవంతంగా కూర్చోబెట్టకండి.

నర్సింగ్ అధ్యాపకురాలు:
వికారాన్ని ఎలా నమోదు చేస్తున్నారు? కృత్రిమ దృశ్యాల వల్ల కలిగే వికారాన్ని కొలిచే 1993 నాటి సిమ్యులేటర్ సిక్‌నెస్ ప్రశ్నావళిలో 16 లక్షణాలు ఉంటాయి. శిక్షణకు ముందూ వెనుకా నింపిస్తే ఏ ఘట్టం బాధిస్తోందో తెలుస్తుంది.

దృశ్య సంకలనకర్త:
ఏ ఘట్టమో ఆ ప్రశ్నావళి చెప్పదు. అది మొత్తం అనుభవాన్నే కొలుస్తుంది. ఘట్టం తెలియాలంటే ఎవరు ఎక్కడ తీసివేశారో సమయం రాసుకోవాలి.

శిక్షణ బాధ్యుడు:
తిప్పి చూశాను. పడుకుని చూస్తే నాకు తేడా తెలుస్తోంది. తోసుకువెళ్లే భాగాలు కోస్తున్నాను, ధన్యవాదాలు. ఇంకొక్కటి: వైద్య సిబ్బంది సహానుభూతిని కొలిచే జెఫర్సన్ సహానుభూతి మాపకం అనే ప్రశ్నావళిని నింపించి, స్కోరు పెరిగినట్లు చూపించమని పై అధికారులు అంటున్నారు. శిక్షణ అయిన వెంటనే ఇవ్వవచ్చా?

నర్సింగ్ అధ్యాపకురాలు:
అందులో 20 వాక్యాలు ఉంటాయి, స్కోరు 20 నుంచి 140 వరకు వస్తుంది, అంతా తమ గురించి తాము చెప్పుకునేదే. శిక్షణ అయిన వెంటనే ఇస్తే అందరూ మంచివారిగానే కనిపిస్తారు. కొన్ని వారాల తరువాత మరొకసారి ఇవ్వండి, వీలైతే ఆ వార్డులోని రోగులనూ అడగండి.

ముక్కుసూటి:
అధికారులు అన్ని వారాలు ఆగుతారా?