పిల్లల విహారయాత్రకు అనుమతి ఇచ్చేవారు ఏం చూసి ఇవ్వాలి?

ప్రశ్న: ఉపాధ్యాయురాలు, గాజువాక

అందరికీ నమస్కారం. మా ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లను ఒకరోజు విజ్ఞానయాత్రకు తీసుకువెళ్లే బాధ్యతను ఈ ఏడాది నాకు అప్పగించారు. ఉదయం కైలాసగిరి, మధ్యాహ్నం విశాఖ బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియం, సాయంత్రం రుషికొండ అని అనుకున్నాము. పిల్లలు మాత్రం బొర్రా గుహలు, అరకు అని పట్టుబడుతున్నారు. ఇన్నేళ్లుగా మా దగ్గర వాడుతున్న అనుమతి పత్రం ఒకే పేజీ. అందులో తేదీ, స్థలం, రుసుము ఉంటాయి. అడుగున ‘ఏదైనా జరిగితే పాఠశాలకు బాధ్యత లేదు’ అన్న వాక్యం, దాని కింద తల్లిదండ్రుల సంతకం ఉంటాయి. ఆ కాగితం మీద నమ్మకంతో అంతమంది పిల్లలను బస్సెక్కించడానికి నాకు మనసు ఒప్పడం లేదు. కరస్పాండెంట్ గారు సంతకం చేసే ముందు ఆయన ఎదుట ఏమేమి ఉంచాలో, ఆయన నన్ను ఏమేమి అడగాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మధురవాడ

అమ్మా, ముందు ఆ వాక్యాన్ని తీయించండి. నిర్లక్ష్యం వల్ల పిల్లలకు హాని జరిగితే అటువంటి రాత పాఠశాలను కాపాడదు. 1995లో పంజాబ్‌కు చెందిన ఒక పాఠశాల పిల్లలు పిక్నిక్‌కు వెళ్లి బియాస్ నదిలో 14 మంది మునిగిపోయారు. ఒక్కొక్క కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. పిల్లల భద్రతలో యాజమాన్యాల జవాబుదారీతనంపై కేంద్ర విద్యాశాఖ కూడా 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లిదండ్రుల సంతకం తప్పక తీసుకోండి. అయితే ఎక్కడికి వెళ్తున్నారు, ఏ వాహనంలో, వెంట ఎవరు ఉంటారు, నీటి దగ్గరకు వెళ్తారా లేదా అన్నవన్నీ తెలిపిన తరువాతే తీసుకోండి.

ఇక కరస్పాండెంట్ గారు అడగవలసిన మొదటి ప్రశ్న, కార్యక్రమ పట్టికలో రాయని సమయంలో పిల్లలు ఎక్కడ ఉంటారన్నది. కుర్సురా లోపల దారి ఇరుకు కనుక పిల్లలను విడతలుగానే పంపాలి. మొదటి విడత లోపల ఉన్నంతసేపు మిగిలినవారు బయట ఎదురుచూడాలి. వారికి ఒకవైపు వాహనాల రద్దీ, మరోవైపు నడిచి చేరుకోగలిగినంత దగ్గరలో సముద్రం ఉంటాయి. పట్టికలో సముద్రం ఊసే లేకపోయినా, పిల్లలు చెప్పులు విప్పి పరుగెత్తేది ఆ ఖాళీ సమయంలోనే. అందుచేత బయట ఉండే విడతను ఎక్కడ కూర్చోబెడతారు, ఎవరు కనిపెట్టుకొని ఉంటారు, అప్పుడు వారికి ఏ పని అప్పగిస్తారు అన్నవి ముందుగానే రాసి ఉంచండి. అదే వారంలో, అదే వేళకు మీరు స్వయంగా వెళ్లి చూసి వస్తే ఇవన్నీ మీకే తోస్తాయి. మ్యూజియానికి సోమవారం సెలవన్నది కూడా గుర్తుంచుకోండి.

రుషికొండ విషయంలో నా అభిప్రాయం కొంత కఠినంగా ఉంటుంది. ఆ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత వంటివి చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన మాట నిజమే, మనకు అది సంతోషమే. కానీ ఏ గుర్తింపూ ఆనాటి కెరటానికి హామీ ఇవ్వలేదు. మన తీరంలో అలలు పెద్దగా విరగకుండా ప్రశాంతంగా కనబడే సందులోనే నీరు ఒడ్డు నుంచి లోపలికి బలంగా లాగుతూ ఉండవచ్చు, కొత్తవారు సరిగ్గా ఆ చోటునే దిగడానికి ఎంచుకుంటారు. 2024 డిసెంబరులో కర్ణాటకలోని కోలారు జిల్లా గురుకుల పాఠశాల బాలికలు నలుగురు విహారయాత్రలో మురుడేశ్వర్ తీరాన మునిగిపోయారు. ఎనిమిదో తరగతి పిల్లలను నీటిలోకి దింపవద్దు. పాదాలు తడుపుకోవడానికి కూడా వద్దనే నా సలహా, ఎందుకంటే చీలమండల లోతు మోకాళ్ల లోతు కావడానికి ఒక్క అల చాలు. పడవ షికారు కూడా మానండి. 2024 జనవరిలో వడోదరలోని హర్ణి చెరువులో పడవ బోల్తాపడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. సామర్థ్యానికి మించి ఎక్కించిన ఆ పడవలో అందరికీ లైఫ్ జాకెట్లు కూడా లేవు.

మా పాఠశాలలో పదిమంది పిల్లలకు ఒక పెద్దవారిని నియమించి, రోజంతా ఆ జట్టు మారకుండా చూసేవాళ్లం. నాయకత్వం వహించే ఉపాధ్యాయురాలికి జట్టును అప్పగించకూడదు, ఆమె అందరినీ చూడాలి. బస్సు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తలలు లెక్కపెట్టి ఊరుకోకుండా పేరు పెట్టి పిలిచి హాజరు తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, యాత్రను ఎక్కడైనా ఆపివేసే అధికారం మీకు ఉన్నట్లు కరస్పాండెంట్ గారి చేత రాయించుకోండి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. వాతావరణ హెచ్చరిక వచ్చినా బస్సుకు కట్టిన బయానా పోతుందన్న బెంగతో బయలుదేరే పాఠశాలలు ఉన్నాయి. రద్దయితే డబ్బు ఎలా తిరిగి ఇస్తారో ముందే తేల్చుకుంటే ఆ ఒత్తిడి మీ మీద పడదు.

జవాబు: ఒక తల్లి, సీతమ్మధార

మాస్టారు గారు చెప్పినవాటికి ఒక తల్లిగా కొన్ని చేర్చదలచాను. మా అబ్బాయికి ఉబ్బసం ఉంది. పాఠశాల పంపే పత్రంలో ‘ఆరోగ్య సమస్యలు ఉన్నాయా’ అన్న ప్రశ్న ఒక్కటే ఉంటే ‘ఉంది’ అని రాసి ఊరుకుంటాము, ఆ కాగితం ఆఫీసులోనే ఉండిపోతుంది. ఇన్‌హేలర్ ఎవరి సంచిలో ఉంటుంది, ఆయాసం వస్తే ఏం చేయాలి, ఏ మందు పడదు అన్నవి అడిగి, ఆ సమాచారాన్ని ఆ జట్టు చూసే టీచర్ గారి చేతికే ఇవ్వాలి. ఆడపిల్లలకు మరుగుదొడ్లు ఎక్కడ ఉన్నాయో, అవి వాడదగినట్లు ఉన్నాయో లేదో కూడా ముందే చూడండి. అవి బాగుండవన్న భయంతో పిల్లలు రోజంతా నీళ్లు తాగరు, ఎండలో ఇంకా నీరసపడతారు. పిల్లల ఫొటోలను, వారు ఉన్న చోటును అప్పటికప్పుడు బయటి వాట్సాప్ గ్రూపులలో పెట్టవద్దని వెంట వచ్చేవారందరికీ చెప్పండి. రాలేనన్న పిల్లలను, రుసుము కట్టలేని పిల్లలను తరగతిలో నిలదీయవద్దని కూడా నా విన్నపం.

ప్రశ్నించిన ఉపాధ్యాయురాలు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. రుషికొండను తీసివేస్తున్నాను. అయితే అరకును కూడా వద్దనాలా? ఆ కొండలు, ఆ గుహలు పాఠంలో చెబితే అర్థమయ్యేవి కావు కదా.

జవాబు: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, శృంగవరపుకోట

వద్దనవలసిన పని లేదు మేడమ్ గారూ. సున్నపురాతిలో నీరు దారి చేసుకోవడాన్ని బొర్రాలో కళ్లారా చూసిన పిల్లలకు ఆ పాఠాన్ని మళ్లీ చెప్పనక్కరలేదు. కాకపోతే ఒకే రోజులో బొర్రా, అరకు రెండూ పెట్టుకోకండి. బొర్రా విశాఖ నుంచి సుమారు 90 కిలోమీటర్లు. అరకు కూడా కలిపితే తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్‌లోనే చీకటి పడుతుంది, చలికాలంలో దానికి మంచు తోడవుతుంది. 2022 అక్టోబరులో కేరళలోని వడక్కంచేరి దగ్గర రాత్రివేళ విహారయాత్ర బస్సు ఆర్టీసీ బస్సును ఢీకొని ఐదుగురు విద్యార్థులు సహా 9 మంది మరణించారు. మన పాఠశాలలు కూడా రాత్రి ప్రయాణం వద్దని నియమం పెట్టుకోవడం మంచిది.

బస్సు తీసుకుంటే ఫిట్‌నెస్, బీమా పత్రాల నకళ్లతోపాటు, ఘాట్ రోడ్డు అలవాటున్న డ్రైవర్ కావాలని రాతపూర్వకంగా కోరండి. ముందు రాత్రి ఆయన వేరే ట్రిప్పుకు వెళ్లి ఉండకూడదని కూడా అందులో చేర్చండి. రైలులో వెళ్తే సొరంగాలు వచ్చినప్పుడు పిల్లలు తలుపుల దగ్గరకు చేరతారు కనుక ప్రతి తలుపు దగ్గర ఒక పెద్దవారు నిలబడాలి. గుహలో మెట్లు తడిగా, జారుగా ఉంటాయి, వెలుతురు తక్కువ. పట్టున్న బూట్లు వేసుకొని రమ్మనండి, తినే వస్తువులు చేతిలో పట్టుకొని తిరగవద్దని చెప్పండి, బయట కోతులు లాక్కుంటాయి. ఘాట్‌లో చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు. కాబట్టి 108కి ఫోను చేస్తామని రాసి ఊరుకోకుండా, దారిలో ఏ మలుపు దగ్గర ఏ ఆసుపత్రి దగ్గరవుతుందో కాగితం మీద రాసి బస్సులో ఉంచండి, మరో ప్రతిని పాఠశాలలో ఫోను దగ్గర కూర్చునేవారికి ఇవ్వండి. మధ్యాహ్నం రెండున్నరకల్లా గుహల నుంచి బయలుదేరేలా పట్టిక వేసుకుంటే వెలుతురుండగానే ఘాట్ దిగిపోతారు.