సమస్య: మంచి యంతయు నటనయే మధురవాణి

మోడరేటర్: నిన్న రాత్రి గురజాడ కన్యాశుల్కం నాటకం తిరగేస్తుంటే ఈ పాదం దానంతటదే వచ్చి కూర్చుంది. అందులోని వేశ్య మధురవాణిని వెనకేసుకొస్తారో కడిగేస్తారో మీ ఇష్టం, ఇదే ఆఖరి పాదంగా పద్యం మాత్రం నిలబడాలి.

అరసున్న:
విధవ పెండ్లిండ్ల పేరిట వీధికెక్కి
ఇంగిలీషున గొప్పల నెన్నొ పలికి
మంచ మడుగున దాగిన మగనియందు
మంచి యంతయు నటనయే మధురవాణి

సంబోధన చేసేశా. నటన ఆ ఇంగ్లీషు గొప్పల గిరీశానిది, ఆవిడకి కబురు చెప్తున్నామంతే.

గణగణ: విరుపు బాగుంది, ఒప్పుకుంటున్నా, అరసున్నగారు ఇంత సూటిగా రాయగా చూసి చాన్నాళ్ళయింది. కానీ రెండో పాదంలో ‘ఇం’కి ‘నె’తో యతా, ఆ రెండక్షరాలకీ మైత్రెక్కడ?

అరసున్న: గొప్పలన్ + ఎన్నొ. అచ్చుకే యతి. విడదీసి చూసే ఓపిక లేకపోతే నేనేం చెయ్యను?

పిల్లకవి: మంచం కింద ఆవిడ ఇంకో విటుడు రామప్పంతులు కూడా ఉన్నాడుగా సార్?

అరసున్న: పంతులుకి ఇంగ్లీషు గొప్పలెక్కడివి నాయనా, పై పాదం చదువు.

గణగణ: సంబోధన చేసి తప్పించుకోవడం తేలికే. అసలు ప్రశ్నకి జవాబు ఇదిగో:

ముద్దు కోరియు వలదని ముందు నిలిచి
చెడని వానిని జెఱుపని చెలువ వ్రతము
కాంచి యుండియు నెట్లన గలరు జనులు
‘మంచి యంతయు నటనయే మధురవాణి’!

పిల్లకవి: ‘వ్రతము’ దగ్గర ఆగిపోయా సార్, వేశ్యకి వ్రతం! భలే పడింది.

అరసున్న: నేనూ అక్కడే ఆగా, వేరే కారణానికి. ‘వ్ర’ ముందున్న ‘వ’ దీర్ఘంలా గురువైతే గణం, అదే పాదం లెక్క, ఎటు పోయింది?

గణగణ: చెలువ తెలుగు మాట, ఊది పలకం, లఘువే. పోయినసారి మనుచరిత్ర వరూధిని సమస్యకి ప్రవరుడి చేత కన్నీళ్ళు పెట్టించినవాళ్ళు నాకు గురులఘువులు నేర్పుతున్నారు! ఏడ్చింది ఆవిడ మహాప్రభో.

అరసున్న: అది శ్లేష.

గణగణ: శ్లేష కాదు, తొందర.

మోడరేటర్: లఘువే, వదిలెయ్యండి. నాకు ఆ ముద్దు దగ్గరే అనుమానం. మగవేషంలో వకీలు సౌజన్యారావు ఇంటికెళ్ళి, కేసు విషయం చెప్పడానికి ముద్దు బేరం పెట్టి, తీరా ఆయన సిద్ధపడ్డాక చెడనివాళ్ళని చెరపొద్దని అమ్మ చెప్పిందంటుంది. ఆ అమ్మ మాట బేరం పెట్టినప్పుడు గుర్తు లేదా?

అరసున్న: అదే నేననేది! మెడలో నగ, ఆ కంటె కంటె అని పంతుల్ని ఎంత ఏడిపించింది, అదంతా లెక్కే కదా.

గణగణ: లెక్కే. కుర్రాడికి పెళ్ళికూతురి వేషం వేసి చేసిన దొంగపెళ్ళికి ఆ కంటె ఎరువిచ్చింది ఎవరు మరి? ఆ నాటకం ఆడబట్టే చిన్నపిల్ల సుబ్బి ముసలి లుబ్ధావధాన్ల పాలబడకుండా బయటపడింది. నటించింది నిజం, మంచీ నిజం, రెండూ ఒకే మనిషిలో ఉంటే మీకెందుకు టెన్షన్? 1897 నాటి కూర్పుకీ 1909 దానికీ తేడా చూడండి, గురజాడ తిరగరాసినప్పుడు ఆవిడ పాత్ర ఎంత పెరిగిందో. ఉత్త జాణే అయితే అంత పెంచాలా?

అరసున్న: జాణ కాబట్టే పెంచాడు. మంచివాళ్ళతో మూడు అంకాలు కూడా నడవవు.

పిల్లకవి: నేనూ ఒకటి రాశా సార్, యతి కుదరట్లేదు, ‘కంటె’కి ‘గుమ్మం’ సరిపోతుందా?

గణగణ: హల్లు సరే, అచ్చు కుదరదు. అరసున్నగారినడుగు, శ్లేష అని సర్దేస్తారు.