సంపెంగ మీద తుమ్మెద వాలదన్న మాటలో వృక్షశాస్త్రం ఎంత?

వనలత:
సంపెంగ పువ్వు మీద తుమ్మెద వాలదని మన ప్రబంధకవులు పదే పదే చెప్పారు. అంత ఘాటైన పరిమళం ఉన్న పువ్వు కీటకాలను దూరం పెడుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఆ మాటకు వృక్షశాస్త్రంలో ఏమైనా ఆధారం ఉందా, లేక అది ఒట్టి కవిసమయమేనా, అంటే కవులు ఆనవాయితీగా చెప్పుకొనే మాటేనా? మరొక సందేహం కూడా ఉంది. పువ్వును విప్పి చూసినప్పుడు మొగ్గను కాపాడే రక్షకపత్రాలేవో, పూరేకులైన ఆకర్షణపత్రాలేవో తేల్చుకోలేకపోయాను. తీగలా పాకే ఆకుపచ్చ సంపెంగలో మాత్రం ఆ తేడా స్పష్టంగానే కనబడింది. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవేనా?

పత్రహరితం:
వనలత గారూ, మీ రెండో సందేహం తీరితే మొదటిది సగం తీరినట్లే. సంపెంగలో రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు అనే విభజనే లేదు; ఉన్నవన్నీ ఒకే తీరు రేకులు, వాటినే పరిపత్రాలంటారు. మొగ్గను కప్పి ఉంచేది నూగుతో కూడిన తొడుగు వంటి పుష్పపుచ్ఛం (పువ్వును అంటి ఉండే ఆకులాంటి భాగం), అది రాలిపోయినప్పుడు కాడ మీద ఉంగరం లాంటి మచ్చ మిగులుతుంది. పరిపత్రాలను ఒక్కొక్కటిగా తీసివేస్తే పువ్వు భాగాలన్నీ అమరి ఉండే పొడవైన పుష్పాసనం కనబడుతుంది. దాని అడుగున పుప్పొడినిచ్చే కేసరాలు, పైన కొంత ఖాళీ కాడ, ఆ పైన ఒకదానితో ఒకటి అతుక్కోని, తరువాత కాయలుగా మారే ఫలదళాలు సర్పిలంగా అమరి ఉంటాయి. పుష్పించే మొక్కల్లో చాలా ప్రాచీనమైన శాఖకు చెందిన మాగ్నోలియా కుటుంబపు ముద్ర ఇది. లినేయస్ 1753లో ఈ చెట్టును మిచేలియా చంపక అన్నాడు. ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రజ్ఞులు మాగ్నోలియా చంపక అనే వ్యవహరిస్తున్నారు.

ఇక తుమ్మెద సంగతి. మాగ్నోలియా పువ్వుల్లో తేనెను ఊరించే ప్రత్యేక గ్రంథులు ఉండవు. ఈ ప్రజాతిలో, అంటే మాగ్నోలియా అనే పేరు పంచుకునే మొక్కల్లో, పరాగసంపర్కానికి ముఖ్యంగా తోడ్పడేవి పెంకు పురుగులు. వాటికి ఆహారం పుప్పొడి, మెత్తని పుష్పభాగాలు. కాబట్టి మకరందం కోసం తిరిగే తుమ్మెదకు సంపెంగలో పెద్దగా దక్కేదేమీ లేదు. కవులు కారణం చెప్పకపోయినా, వారి మాట పూర్తిగా గాలిలోంచి పుట్టిందని నేననుకోను.

తీగ సంపెంగ సీతాఫలం కుటుంబానికి చెందిన ఆర్టాబోట్రిస్. దానికి మూడు రక్షకపత్రాలు, మూడేసి చొప్పున రెండు వరుసల్లో ఆరు ఆకర్షణపత్రాలు ఉంటాయి. కుటుంబాలు వేరైనా రెండూ మాగ్నోలియేలిస్ క్రమంలోనివే (క్రమమంటే కొన్ని కుటుంబాలు కలిసిన పెద్ద గుంపు), అంటే దూరపు చుట్టాలు.

పుప్పొడి:
పత్రహరితం గారి వివరణ బాగుంది కానీ, కవుల పక్షాన కొంచెం ఎక్కువే మాట్లాడారు. తేనె లేకపోయినా పుప్పొడి ఉంది, దాన్ని సేకరించుకోవడానికి తేనెటీగలు మాగ్నోలియా పువ్వుల మీద వాలడం మామూలే. గమనించవలసిన అసలు విషయం వేళ. ఈ పువ్వుల్లో స్త్రీభాగం ముందు పక్వమవుతుంది: పువ్వు తొలిసారి విచ్చుకున్నప్పుడు ఫలదళాల కొసలైన కీలాగ్రాలు తడిగా, పుప్పొడిని పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటాయి, కేసరాలు మాత్రం బిగుసుకునే ఉంటాయి. ఆ తరువాత కీలాగ్రాలు వాడిపోతాయి, అప్పుడు గానీ కేసరాలు వదులై పుప్పొడిని విడుదల చేయవు. అందువల్ల ఒకే పువ్వులో స్వపరాగసంపర్కం జరిగే అవకాశం బాగా తగ్గుతుంది. మొదటి దశలో చూసినవారికి తేనెటీగ కనబడకపోవచ్చు, రెండో దశలో చూసినవారికి కనబడవచ్చు.

వనలత:
ఇద్దరికీ ధన్యవాదాలు. చెట్టు కింద గుత్తులుగా, మొటిమలు తేలినట్లున్న కాయలు రాలి ఉన్నాయి. వాటిలోని ఎర్రటి గింజలను ఎండబెట్టి దాచి, తరువాత నాటవచ్చా?

పత్రహరితం:
దాచకండి. ఆ గుత్తిలోని ఒక్కొక్క కాయ ఒక్కొక్క ఫలదళం నుంచి ఏర్పడింది. అది పగిలినప్పుడు గింజ ఎర్రని కండగల పొరతో బయటపడుతుంది, పక్షులు ఆ పొర కోసమే వచ్చి గింజలను వెదజల్లుతాయి. ఎండితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది కాబట్టి, కండను కడిగివేసి తాజాగా ఉండగానే నీడలో నాటండి. గింజ మొక్క పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. త్వరగా పూలు కావాలనుకుంటే అంటు మొక్క తెచ్చుకోవడమే మేలు.